బెలూన్ ఫెస్ట్‌కి ఏ లెన్స్ పట్టుకపోవాలె? ముందు దూరం లెక్క తేలాలె

చలికాలం వచ్చిందంటే మా నల్గొండ దిక్కు ఫోటోగ్రాఫర్లల్ల ఒక ప్రశ్న తిరుగుతనే ఉంటది, అన్నా బెలూన్ ఫెస్ట్‌కి (మనుషులెక్కి ఎగిరే వేడిగాలి బెలూన్ల పండుగకు) పోతున్నం, ఏ లెన్స్ పట్టుకపోవాలె అని. నలుగుర్ని అడిగితే నాలుగు జవాబులు వస్తయ్. ఒకాయన ఆకాశం మొత్తం రావాలంటే వైడే (ఎక్కువ జాగా పట్టే లెన్స్) ఉండాలె అంటడు, ఇంకొకాయన పైకి పోయినంక చుక్కలెక్క కనిపిస్తది, టెలీ (దూరం ఉన్నదాన్ని పెద్దగ చూపించే లెన్స్) లేకుంటే దండగ అంటడు, పెళ్ళిళ్ళు కవర్ చేసే అన్నలైతే 70-200 ఒక్కటి ఉంటే చాలు తమ్మి అని తేల్చేస్తరు. ఇండ్ల ఎవ్వరూ తప్పు చెప్తలేరు, కాకపోతే ఒక్కొక్కరు ఫెస్ట్‌ల ఒక్కొక్క టైమ్ గురించి మాట్లాడుతున్నరు. గడబిడంతా ఇక్కడనే ఉన్నది. బెలూన్ ఫెస్ట్ అంటే ఒక్క సీన్ కాదు, రెండు మూడు గంటలల్ల అదే బెలూన్ మనకు ఐదు మీటర్ల దూరం నుంచి రెండు కిలోమీటర్ల దూరం దాకా పోతది. పెళ్ళి మండపంల పెళ్ళికొడుకు ఎటూ పోడు గదా, ఇది పోతది. అందుకని లెన్స్ కన్నా ముందు దూరం గురించి మాట్లాడుకుంటే సగం పంచాయితీ అక్కడనే తెగిపోతది.

ఒక్కటే లెన్స్ తీసుకపోతా, పేర్లు చెప్పి సతాయించకు అనేటోళ్ళకు ముందే చెప్పేస్తున్నా. కెమెరా లోపల ఫోటో పడే పలకను సెన్సర్ అంటరు, అది పెద్దగుండే ఫుల్ ఫ్రేమ్ అయితే 24-105, చిన్న సెన్సర్ కెమెరా అయితే 18-135. ఈ నంబర్లు లెన్స్ ఫోకల్ లెంత్, మిల్లీమీటర్లల్ల (ఎంఎం), నంబర్ చిన్నగుంటే వైడ్, పెద్దగుంటే టెలీ. ఇగ మీరు ఇక్కడ్నే ఆపేసినా నష్టం లేదు. ఎందుకో తెలుసుకోవాలనుకునేటోళ్ళు ముందుకు రాన్రి.

మొదలు బెలూన్ ఎంత పెద్దగుంటదో చూద్దాం. ముగ్గురు నలుగురు ఎక్కే మామూలు బెలూన్ గాలి నింపి నిలబెడితే 20 నుంచి 25 మీటర్ల ఎత్తు ఉంటది, అడ్డం ఒక 17, 18 మీటర్లు. సాగర్ పోయి బుద్ధవనం చూసినోళ్ళకు ఈజీగ అర్థమైతది, అక్కడ మహాస్తూపం ఎత్తు 21 మీటర్లు. అంటే ఆ స్తూపం అంత ఎత్తుదో, దానికన్నా జరంత పెద్దదో మన ముందు లేచి నిలబడ్డట్టు. ఇంత పెద్దది ఫ్రేమ్‌ల ఎంత పడుతదో కనుక్కోనీకి చిన్న లెక్క ఉన్నది, లెన్స్ ఫోకల్ లెంత్‌ని బెలూన్ ఎత్తుతోటి గుణించి, మనకు బెలూన్‌కు నడుమ ఉన్న దూరంతోటి భాగిస్తే సెన్సర్ మీద బెలూన్ ఎన్ని మిల్లీమీటర్లు పడుతదో వచ్చేస్తది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు.

ఇప్పుడు లెక్క ఏసి చూడున్రి. 25 మీటర్ల బెలూన్ అర కిలోమీటర్ దూరంల ఉన్నది, మన దగ్గర 50 ఎంఎం లెన్స్ ఉన్నది. 50 ఇంటూ 25 బై 500, రెండున్నర మిల్లీమీటర్లు వచ్చింది. 24 మిల్లీమీటర్ల ఫ్రేమ్ ఎత్తుల అది పదో వంతు. అదే బెలూన్‌కు 24 ఎంఎం వైడ్ పెడితే ఒక మిల్లీమీటర్ సంగతి, ఇగ దాన్ని ఇన్‌స్టాల పెడితే మబ్బు మీద మరక అనుకుంటరు. 200 ఎంఎం పెడితే 10 మిల్లీమీటర్లు, ఫ్రేమ్‌ల దగ్గరదగ్గర సగం. కిలోమీటర్ దాటితే ఆ 200కు కూడా ఐదో వంతే దక్కుతది. తిరగేసి కూడా చూడొచ్చు. 50 ఎంఎం పెట్టి కెమెరా నిలువుగ పట్టుకుంటే మొత్తం బెలూన్ రావాలంటే కనీసం 35 మీటర్లు ఎనకకు జరగాలె, ఆ మైదానంల అంత జాగా మనకు ఎవరిస్తరు, ఎనక ఇంకో బెలూన్ పరిచి ఉంటది, జనం ఉంటరు. 24 ఎంఎం అయితే 17 మీటర్లకు అటు ఇటు సరిపోతది. చిన్న సెన్సర్ కెమెరాలోళ్ళు తమ లెన్స్ నంబర్‌ను నికాన్, సోనీ అయితే 1.5తోటి, కెనాన్ అయితే 1.6తోటి గుణించుకొని ఈ లెక్కల పెట్టుకోవాలె, కెమెరాతోటి కిట్‌ల వచ్చే 18-55 అంటే సుమారుగ 28 నుంచి 85 అన్నట్టు.

ఈ లెక్క నోటికి రానవసరం లేదు. సాగర్ పోయినప్పుడు స్తూపం దగ్గర నిలబడి మీ దగ్గరున్న అన్ని లెన్స్‌లతోటి ఒక్కొక్కటి, ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోయి మళ్ళా ఒక్కొక్కటి తీసి ఇంట్ల కంప్యూటర్ల పక్కపక్కన పెట్టి చూడున్రి, చేతికి అలవాటైతది. అంత దూరం పోలేనోళ్ళకు ఊర్ల వాటర్ ట్యాంక్ ఉండనే ఉన్నది.

ఇగ ఫెస్ట్ రోజు ఏం జరుగుతదో చూస్తే ఏ లెన్స్ ఎప్పుడు తీయాలో అదే తెలుస్తది. బెలూన్లు పొద్దుగాల పొద్దుగాలనే ఎందుకు లేపుతరంటే అప్పుడు గాలి నెమ్మదిగ ఉంటది, ఎండ ఎక్కినంక నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుతది, గాలి గంటకు 15 కిలోమీటర్ల పైన వీస్తుంటే పైలట్లు లేపనీకి ఒప్పుకోరు. జనవరిల మన దిక్కు సూర్యుడు ఆరు ముప్పావుకు గాని రాడు. అంటే గుడ్డ పరిచి, పెట్రోల్ ఫ్యాన్‌తోటి చల్లగాలి నింపుడు మొదలయ్యే టైమ్‌కు ఇంకా సగం చీకటే. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్ల మీద కప్పనీకి పరిచిన పట్టాలెక్క ముందు నేల మీద పడుకోని ఉంటది, ఫ్యాన్ ఆన్ చేసినంక మెల్లమెల్లగ ఉబ్బుతది, బాస్కెట్ అడ్డం పండుకోని ఉంటది, అవతలి కొస దగ్గర ఒకరిద్దరు బెలూన్ నెత్తికి కట్టిన తాడు పట్టుకోని ఎనకకు ఒంగి నిలబడి ఉంటరు. సగం ఉబ్బినంక బర్నర్ నుంచి మంట లోపలికి కొడుతరు, గుడ్డ ఒక్కసారి ఎర్రగ వెలుగుతది, లోపలి గాలి దాదాపు 100 డిగ్రీల దాకా వేడెక్కినంక అది లేచి నిటారుగ నిలబడుతది. ఈ అరగంట వైడ్ లెన్స్‌ది. 16-35 ఉన్నోళ్ళు 16-35, చిన్న సెన్సర్ కెమెరాకు 10-18 లాంటిది ఉంటే అది. పైలట్‌ను అడిగితే ఒక్కోసారి బెలూన్ నోరు దగ్గర నిలబడి లోపలికి చూడనిస్తరు, రంగురంగుల గుడ్డ చుట్టూతా గుమ్మటం లెక్క ఉంటది, అప్పుడు 14, 16 ఎంఎం పెట్టినోడిదే రాజ్యం. కాకపోతే అడగకుండ పోవద్దు, గుడ్డ తొక్కొద్దు, తాళ్ళ మీద కాలు పెట్టొద్దు.

వైడ్‌తోటి రెండు ఇబ్బందులున్నయ్. గుండ్రటి వస్తువును ఫ్రేమ్ మూలకు పెడితే కోడిగుడ్డు లెక్క సాగుతది, బెలూన్ అంటేనే గుండ్రంగ ఉంటది గదా, అందుకే వైడ్‌ల బెలూన్‌ను నడుమ పెట్టుకోవాలె, మూలలకు నేలనో ఆకాశమో ఇచ్చెయ్యాలె. మనుషుల మొహాలు కూడా అంతే, గ్రూప్ ఫోటోల చివరి పెద్దమనిషికి తలకాయ ఎందుకు పెద్దగ పడిందో పెళ్ళిళ్ళు చేసేటోళ్ళకు చెప్పనవసరం లేదు. రెండోది, దగ్గర నిలబడి కిందికెళ్ళి పైకి కొడితే బాస్కెట్ ఇంత పెద్దగ, పైన బెలూన్ నెత్తి ఇంత చిన్నగ వస్తది, ఇది కావాలని చేస్తే మంచిగనే ఉంటది గని ప్రతి ఫోటో అట్లనే ఉంటే చూసేటోళ్ళకు తల తిరుగుతది.

బెలూన్ నేల వదిలినంక మొదటి ఐదు పది నిమిషాలు 24-70, 24-105 పని. జనం చేతులూపుడు, బాస్కెట్లకెళ్ళి వాళ్ళు కిందికి చూసుడు, ఒకటి పైకి పోతుంటే ఎనక ఇంకోటి ఉబ్బుడు, ఇదంతా ఒక యాభై వంద మీటర్ల లోపల్నే జరుగుతది. ఇక్కడ కిట్ లెన్స్ కూడా మంచిగనే పని చేస్తది, దాన్ని చిన్నచూపు చూసేటోళ్ళు చాలామంది ఉన్నరు గని సూర్యుడొచ్చినంక 18-55కు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు.

ఆ తర్వాతనే అసలు తిరకాసు, చాలామంది తప్పు లెన్స్ కొనేది ఇక్కడనే. అమెరికాల ఆల్బుకర్కీల ప్రతి అక్టోబర్ అయ్యే బెలూన్ ఫియస్టా ఫోటోలు చూసి వైడ్ కొంటరు. ఆ ఫియస్టా 1972ల ఒక షాపింగ్ మాల్ పార్కింగ్ జాగల 13 బెలూన్లతోటి మొదలైంది, ఇప్పుడు ఐదు వందలకు పైన వస్తయ్, ఒకటే పొద్దుగాల వరసపెట్టి లేస్తయ్. అక్కడ వైడ్ పెడితే ఆకాశం నిండుగ ఉంటది, బెలూన్ ఎంత చిన్నగ పడ్డా వందల్ల ఉంటయ్ కాబట్టి నడుస్తది. మన దేశంల తమిళనాడు పొల్లాచిల 2015 నుంచి అయితున్నది, 2017 నవంబర్ల అరకుల కూడా అయింది, ఇక్కడ ఎక్కడా అన్ని వందల బెలూన్లు ఉండయ్. కొన్ని బెలూన్లు విశాలమైన ఆకాశంల తలా ఒక మూలకు పోయినంక వైడ్ పెడితే ఫోటో నిండ ఖాళీ ఆకాశమే వస్తది. చిన్న ఫెస్ట్‌కు టెలీ కావాలె, పెద్ద ఫెస్ట్‌కు వైడ్ నడుస్తది. జనం దీన్ని ఉల్టా అనుకుంటరు, చిన్న ఫెస్టే కదా ఒక వైడ్ చాలు అని.

టెలీ ఎందుకు పని చేస్తదంటే దూరం ఉన్నదాన్ని దగ్గరకు తెచ్చుడు ఒక్కటే కాదు. టెలీ పెడితే వస్తువులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తయ్ అంటరు గదా, అది నిజానికి లెన్స్ చేసే పని కాదు, మనం నిలబడ్డ దూరం చేసే పని. ఒక బెలూన్ 100 మీటర్ల దూరంల, దాని ఎనక ఇంకోటి 200 మీటర్ల దూరంల ఉన్నయనుకోండి, ఎనకది సగం సైజుల కనిపిస్తది. అవే రెండు బెలూన్లను మనం 900 మీటర్లు ఎనకకు పోయి చూస్తే ఒకటి వెయ్యి మీటర్ల దూరంల, ఇంకోటి 1100 మీటర్ల దూరంల ఉన్నట్టు, ఇప్పుడు ఎనకది ముందుదాంట్ల 90 శాతానికి పైన కనిపిస్తది, రెండూ జంటగ ఉన్నట్టే వస్తయ్. అంత దూరం నుంచి ఆ రెండింటిని ఫ్రేమ్ నింపనీకి టెలీ కావాలె, అంతవరకే దాని పాత్ర. అందుకని ఫెస్ట్ గ్రౌండ్ నడుమ నిలబడి 70-200 తిప్పితే ఆ జంట ఫోటో రాదు, గ్రౌండ్ బయటికి, గాలి ఎటు పోతున్నదో చూసుకొని దూరంగ ఏదన్న గట్టు మీదికో చెరువు కట్ట మీదికో పోవాలె.

గుట్టలకు ఇది ఇంకా మస్తుగ పనికొస్తది. ఊరికే లెక్కకు అనుకుందాం, భువనగిరి కోట గుట్ట ముందర బెలూన్ లేస్తున్నది, గుట్ట ఎత్తు ఒక 500 అడుగులు, అంటే 150 మీటర్లు. మనం బెలూన్‌కు 200 మీటర్ల దూరంల, గుట్టకు రెండు కిలోమీటర్ల దూరంల ఉన్నం. అప్పుడు ఫోటోల బెలూన్ గుట్ట కన్నా పెద్దగ పడుతది, అంతటి కోట ఎనక చిన్న రాయి లెక్క అయిపోతది. అక్కడ్నుంచి ఇంకో 800 మీటర్లు ఎనకకు పోతే బెలూన్‌కు కిలోమీటర్ దూరం, గుట్టకు రెండు కిలోమీటర్ల 800, ఇప్పుడు గుట్ట బెలూన్‌కు రెండింతలు పడుతది. బెలూన్ మారలే, గుట్ట మారలే, మనం నడిచినం, 200 నుంచి 300 ఎంఎం దాకా ఉన్న లెన్స్ పెట్టినం. మన దక్షిణ తెలంగాణల దేవరకొండ, రాచకొండ, ఎటు చూసినా గుట్టలే, ఎనక పెట్టుకోనీకి ఇంత మంచి బ్యాక్‌గ్రౌండ్ ఉండంగ ఖాళీ ఆకాశంల బెలూన్ ఒక్కటే ఎందుకు తీయాలె చెప్పున్రి.

అట్లని 600 ఎంఎం దాకా పోనవసరం లేదు. కిలోమీటర్, రెండు కిలోమీటర్లు దాటినంక నడుమ ఉన్న గాలి, మంచు, దుమ్ము అన్నీ ఫోటోల పడుతయ్, ఎండ ఎక్కినంక రోడ్డు మీద నీళ్ళలెక్క మెరుస్తది గదా, ఆ వేడిగాలి అలలు బెలూన్ అంచుల్ని వణికిస్తయ్. ఎంత ఖరీదు లెన్స్ అయినా ఆ గాలిని దాటి షార్ప్‌గ తీయలేదు. 70-200 లేదా 70-300, చిన్న సెన్సర్‌కు 55-250, ఇవి చాలు. 100-400 ఉన్నోళ్ళు తెచ్చుకుంటే తెచ్చుకోన్రి, దాని కోసం కిరాయి మాత్రం కట్టొద్దు.

ఇగ ఎఫ్ నంబర్ సంగతి, అంటే లెన్స్ లోపలి కన్ను ఎంత తెరుచుకుంటదో చెప్పేది, నంబర్ చిన్నగుంటే కన్ను పెద్దగ. ఎఫ్ 2.8 లెన్స్ కావాల్నా, ఎఫ్ 4 చాల్నా అని కొట్లాడుకుంటరు. 2.8కు ఎఫ్ 4 కన్నా రెండింతల వెలుతురు వస్తది, 5.6 కన్నా నాలుగింతలు. సూర్యుడు రాకముందు గాలి నింపే టైమ్‌ల ఇది నిజంగ తేడా చూపిస్తది. కాని ఇంకో దిక్కు నుంచి కూడా ఆలోచించాలె. ల్యాండ్‌స్కేప్ అంటే ఎఫ్ 11 పెట్టాలె అని ఎవరో చెప్పిందే పట్టుకొని చీకట్ల ఎఫ్ 11 పెట్టి, ఐఎస్ఓను (వచ్చిన వెలుతురును కెమెరా పెంచి చూపించే సెట్టింగ్) ఆకాశానికి ఎక్కించి, ఫోటో అంతా గింజలు గింజలు తెచ్చుకునేటోళ్ళు ఉన్నరు. ఫుల్ ఫ్రేమ్ మీద 24 ఎంఎం, ఎఫ్ 4 పెట్టి ఐదు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే రెండున్నర మీటర్ల నుంచి అటు మొత్తం షార్ప్‌గనే ఉంటది. 50 ఎంఎం ఎఫ్ 4ల 20 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 10 మీటర్ల నుంచి అటు అంతే. బెలూన్లు అంతకన్నా దూరమే ఉంటయ్, మరి ఎఫ్ 11 ఎవరి కోసం? 200 ఎంఎం దగ్గర మాత్రం లెక్క మారుతది, 100 మీటర్ల దూరం ఉన్నదాని మీద ఫోకస్ పెడితే ఎనక గుట్ట మెత్తగ పోతది, గుట్ట కూడా కావాలంటే అప్పుడు 8 దాకా పోవచ్చు, అప్పటికి ఎండ కూడా వచ్చి ఉంటది.

పెళ్ళిళ్ళకు వాడే 50 ఎంఎం 1.8, అందరి దగ్గర ఉండే చౌక లెన్స్, దాన్ని బ్యాగుల్నే పడేసి పోతరు చాలామంది. పొద్దుమూకినంక నైట్ గ్లో అని పెడుతరు గదా, బెలూన్లను నేలకు కట్టేసి పాటలకు తగ్గట్టు బర్నర్లు కొడుతరు, బల్బులలెక్క వెలుగుతయ్, అప్పుడు ఆ యాభయ్యే హీరో. మంట కొట్టేది ఒకటి రెండు సెకండ్లు, ఆరంగనే మళ్ళా చీకటి. బెలూన్ కట్టేసి ఉన్నా గాలికి ఊగుతనే ఉంటది కాబట్టి ట్రైపాడ్ పెట్టి ఐదారు సెకండ్ల ఎక్స్‌పోజర్ ఇస్తే అంచులు చెదిరిపోతయ్, షటర్‌ను 1/60, 1/100 సెకండ్ దగ్గర ఉంచి ఎఫ్ 2 నుంచి 2.8, ఐఎస్ఓ 1600 నుంచి మొదలు పెట్టి స్క్రీన్ చూసుకుంట మార్చుకోన్రి. కెమెరా వెలుతురు కొలిచే మీటర్‌ను మంట మీద వేస్తే బెలూన్ నల్లగ పడుతది, గుడ్డ మీద వేస్తే మంట తెల్లగ కాలిపోతది, నాకైతే మంట జరంత కాలినా సరే గుడ్డ రంగు రావాలె.

స్టెబిలైజర్, అంటే చేతి వణుకు ఫోటోల పడకుండ తగ్గించే ఏర్పాటు, దాని గురించి కూడా ఒక ముచ్చట. బెలూన్ చూడనీకి నిలబడ్డట్టే ఉంటది గని గంటకు 15 కిలోమీటర్ల గాలిల పోతున్నదంటే సెకండుకు నాలుగు మీటర్లు జరుగుతున్నట్టు. అర కిలోమీటర్ దూరంల 200 ఎంఎంతోటి తీస్తే 1/500 పెట్టినంక ఆ కదలిక ఫోటోల ఏమీ కనపడదు. కనపడేది మన చేతి వణుకు, అదీ డిసెంబర్ చలిల పొద్దుగాల. కాబట్టి టెలీల వీఆర్, ఐఎస్, ఓఎస్ఎస్ ఏ పేరుతోటైనా ఉంటే ఆన్ చేసి పెట్టున్రి. పరుగెత్తే పిల్లల్ని, కొట్టుకునే మంటను అది ఆపదు, దానికి షటరే దిక్కు.

ఫిల్టర్లయితే తీసెయ్యున్రి. లెన్స్ కాపాడుతదని పెట్టే చౌక యూవీ గాజు, బర్నర్ మంట ఫ్రేమ్‌ల ఉంటే దాని నీడ ఇంకో మూలకు పచ్చగ పడేస్తది. పోలరైజర్ ఆకాశాన్ని నీలంగ చేస్తది నిజమే, కాని అది సూర్యునికి అడ్డంగ ఉన్న దిక్కునే బాగ పని చేస్తది, వైడ్ లెన్స్‌కు పెడితే ఆకాశం ఒక దిక్కు ముదురుగ ఒక దిక్కు లేతగ పట్టీలెక్క వస్తది, పైగ వెలుతురు సగం కన్నా ఎక్కువ మింగేస్తది. ఎనిమిది గంటలకు టెలీ మీద పెట్టుకుంటే పెట్టుకోన్రి.

బాస్కెట్ ఎక్కే అవకాశం దొరికినోళ్ళకు వేరే లెక్క. అక్కడ లెన్స్ మార్చుడు మాట్లాడొద్దు, పైకెళ్ళి క్యాప్ జారి పడ్డా కింద ఎవరి నెత్తి మీద పడుతదో తెల్వది. 24-105 ఒక్కటి పెట్టి, హుడ్ గట్టిగ తిప్పి, బెల్ట్ మెడకు ఏసుకొని ఎక్కాలె. నలుగురు ఇరుకుల నిలబడ్డ జాగల 70-200 ఎత్తితే పక్కాయన దవడకు తగులుతది. ఫోన్ ఉన్నోళ్ళు బాధపడొద్దు, ఫోన్ మెయిన్ కెమెరా 24 ఎంఎంకు దగ్గర్ల ఉంటది కాబట్టి గాలి నింపేటప్పుడు, బాస్కెట్‌ల ఉన్నప్పుడు అది సరిగ్గ సరిపోయే లెన్సే, దూరం పోయినంక జూమ్ చేసుడు మాత్రం మానుకోవాలె, చానా ఫోన్లల్ల అది జూమ్ కాదు, కట్ చేసి పెద్దగ చూపించుడు. డ్రోన్ బ్యాగుల కూడా పెట్టుకోవద్దు, బెలూన్ల దగ్గర ఎగరేస్తే మనుషుల ప్రాణాల మీదికి వస్తది.

గ్రౌండ్‌ల దుమ్ము మస్తు ఉంటది, ఫ్యాన్ ముందర అయితే చెప్పే పని లేదు, అక్కడ లెన్స్ ఊడబీకితే సెన్సర్ మీద చుక్కలు ఖాయం. రెండు కెమెరాలు ఉంటే ఒకదానికి వైడ్, ఒకదానికి టెలీ తగిలించి పెట్టుకోన్రి, ఒక్కటే ఉంటే గాలి నింపుడు అయినంక ఒక్కసారి కార్ల కూర్చోని మార్చుకోన్రి. ఆ కార్ల ఏసీ మాత్రం వద్దు, చల్లబడ్డ లెన్స్ బయటికి తీయంగనే ముందు గాజు మీద ఆవిరి పడుతది, తుడిచిన కొద్దీ మళ్ళా పడుతది, ఆలోపట బెలూన్ వెళ్ళిపోతది.

లేని లెన్స్ కొననీకి పోవద్దు, హైదరాబాద్ పోయి రెండు రోజులకు కిరాయికి తెచ్చుకోన్రి, పాతవి చూసుకునేటోళ్ళకు కోఠి ఉండనే ఉన్నది. 24-105 మీ దగ్గర ఉంటే కిరాయికి 70-200 తీసుకోన్రి, 70-200 ఉన్న పెళ్ళి ఫోటోగ్రాఫర్లు 16-35 తీసుకోన్రి. ఆధార్, డిపాజిట్ ఇచ్చే ముందు కౌంటర్ దగ్గరనే మీ బాడీకి తగిలించి, ఆటోఫోకస్ దూరంల ఉన్న బోర్డును పడుతున్నదా, జూమ్ తిప్పుతుంటే ఎక్కడన్న పట్టేస్తున్నదా, గాజు మీద గీతలున్నయా చూసుకోని, ఉన్న గీతలను వాళ్ళ ముందరనే ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోన్రి, తిరిగి ఇచ్చే రోజు ఆ గీత మీరే గీసిన్రంటరు.